పట్నంలో మన ఆడవాళ్ళ జాడ



ఊళ్ళోవాళ్ళం పట్నం వెళ్ళొచ్చామంటే ఇరుగుపొరుగు అడిగే మొదటి మాట "ఏం కొనుక్కొచ్చావు?" అని. "ఏం చూసొచ్చావు?" అని అడిగేవాళ్ళు తక్కువ. నేను ఈమధ్య మా ముదిగొండ నుంచి హైదరాబాదు వెళ్ళి, మూడు రోజులు మా ఆడపడుచు ఇంట్లో ఉండి వచ్చాను. చీరలు కొన్నాననుకోండి, అది వేరే సంగతి. చూసినవాటిని గురించే నాలుగు మాటలు మీతో చెప్పాలని ఈ ప్రసంగం.

మా ఊరు ఖమ్మానికి దగ్గర. ఊరు చిన్నదే అయినా పేరు చరిత్ర పుస్తకాల్లో ఉంది. వెయ్యేళ్ళ కిందట ముదిగొండ చాళుక్యులని ఒక రాజవంశం ఈ ప్రాంతాన్ని ఏలింది. కుసుమాయుధుడి వంటి ఆ రాజుల పేర్లు శాసనాల్లో నిలిచాయి. మా పక్కదే నేలకొండపల్లి. విరాటరాజు ఏలిన ఊరు అదేననీ, భీముడు కీచకుణ్ణి చంపింది అక్కడేననీ మా పెద్దలు చెప్పేవారు. అక్కడ పాత బౌద్ధ స్తూపం కూడా ఉంది. అన్నిటికీ మించి అది కంచర్ల గోపన్నగారి ఊరు, అంటే మన భక్త రామదాసుది.

మా అత్తగారు రామదాసు కీర్తన ఎత్తుకోనిదే కవ్వం పట్టేవారు కాదు. "మన పక్కూరి మనిషిని పెట్టిన ఆ చెరసాల ఒక్కసారి కళ్ళారా చూడాలే అమ్మాయ్" అని ఎన్నిసార్లు అన్నారో! తీసుకువెళ్ళే మగవాళ్ళకు తీరిక దొరికినప్పుడు ఆవిడకు పొలం పని. ఆవిడకు తీరిక దొరికేసరికి మోకాళ్ళు సహకరించలేదు. చూడకుండానే వెళ్ళిపోయారు. ఆవిడ కోసమైనా చూసి రావాలని నేను బయలుదేరాను.

ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా వెళ్ళే బస్సు పట్నంలో అడుగుపెట్టేది హయత్‌నగర్ దగ్గర. కండక్టరు "హయత్‌నగర్, హయత్‌నగర్" అని కేకవేస్తుంటే ఎన్నోసార్లు విన్నాను. అది ఒక ఆడమనిషి పేరని మాత్రం నాకు చాలాకాలం తెలియదు. 1591లో హైదరాబాదు నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయాత్ బక్షీ బేగం. తండ్రి సుల్తాను, భర్త సుల్తాను, కొడుకు సుల్తాను. కొడుకు అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1656లో, ఔరంగజేబు సైన్యం గోల్కొండను చుట్టుముట్టింది. అప్పుడు ఈ తల్లి స్వయంగా శత్రువు శిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడి రాజ్యాన్ని నిలబెట్టింది. ఆవిడ పేరనే హయత్‌నగర్ వెలిసింది. మనం బస్సులో సామాన్లు సర్దుకుంటూ దాటిపోయే ఊరి పేరు వెనక ఇంత కథ ఉందన్నమాట. పట్నంలో ఇంకెందరు ఆడవాళ్ళ జాడ ఇలా దాగి ఉందోనని నా మనసులో అప్పుడే ఒక ఆలోచన పడింది.

మా ఆడపడుచు పట్నం వెళ్ళి ముప్పై ఏళ్ళయింది. "రేపు గోల్కొండకు పోదాం" అంటే ఆమె నవ్వి, "నేనూ చూడలేదు వదినా. ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళతో కలిసి చూద్దామనుకున్నాను. తీరా చుట్టాలొస్తే వంటతోనే సరిపోయింది" అంది. వింటున్న పట్నం సోదరీమణుల్లో ఈ మాట ఎంతమందికి వర్తిస్తుందో మీకే తెలుసు. మర్నాడు పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, ఇద్దరం బయలుదేరాం.

గోల్కొండ కోటలో మొదటి వింత చప్పట్ల చోటు. కింద గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారు దాకా వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్ళకు తెలియడానికి ఆనాటి మేస్త్రీలు చేసిన ఏర్పాటు. పిల్లలు కొడుతున్నారు, పెద్దలు కొడుతున్నారు, మేమూ కొట్టాం. అక్కణ్ణించి మెట్లెక్కుతూ పోతే దారిలో రామదాసు బందిఖానా. అది మొదట గోదాముగా కట్టిన కట్టడమట. లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది. పైకప్పులో ఉన్న కంతల్లోంచి సన్నగా వెలుతురు పడుతుంది. గోడమీద రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడు. గోపన్నగారే చెక్కుకున్నారని జనం చెబుతారు. పన్నెండేళ్ళు ఇక్కడే ఉన్నాడని సంప్రదాయం. మా అత్తగారి తరఫున ఒక దండం పెట్టుకున్నాను.

అక్కడ నిలబడితే, ఇల్లు నడిపే మనిషిని కనుక, లెక్కల ఆలోచన వచ్చింది. చిన్నప్పటినుంచి విన్న కథలో తానీషా కఠినుడు, గోపన్న పుణ్యాత్ముడు. గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. తానీషా దగ్గర మంత్రులుగా ఉన్న అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. ఆయన వసూలు చేసింది రైతులు కట్టిన శిస్తు. అది ఖజానాకు చేరాలి. ఆ సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, నగలు చేయించాడు. ఆరు లక్షలని చెప్పుకుంటారు. ఎరువులకని దాచిన డబ్బు తీసి మా ఇంట్లో ఎవరైనా నాకు చెప్పకుండా ఎంత మంచిపనికి ఖర్చుపెట్టినా, నేను అడగకుండా ఊరుకుంటానా? ఊరుకోను. ఆ లెక్కన తానీషా అడగడంలో తప్పులేదు. గోపన్నకూ ఆ సంగతి తెలుసు. అందుకే కీర్తనల్లో ఏ నగకు ఎంతయిందో లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. ఎంత వేడినా రాముడు పలకకపోతే సీతమ్మతల్లి చేత సిఫారసు చేయించుకోవాలని చూశాడు. కష్టం వస్తే ఇంటి ఇల్లాలిని పట్టుకోవాలని ఆయనకు బాగా తెలుసు!

మరి ఆయన ఇల్లాలి మాటేమిటి? కథల్లో ఆవిడ పేరు కమలమ్మ. హరికథల్లో పసిబిడ్డ గంజిగుంటలో పడిన ఘట్టంలో ఆవిడ కనిపిస్తుంది. మనం కంటతడి పెట్టుకుంటాం. తరువాత భర్త చెరకు పోతాడు, కథ ఆయన వెంట పోతుంది. ఆ పన్నెండేళ్ళూ ఆవిడ ఎక్కడ ఉంది, ఇల్లు ఎలా గడిపింది, బిడ్డను ఎలా పెంచింది, ఖైదీ పెళ్ళామని నలుగురూ అంటే ఏమని బదులు చెప్పింది? ఎవరూ రాయలేదు. గోపన్న చెర గోల్కొండలో ఉంది, టిక్కెట్టు కొని చూడవచ్చు. కమలమ్మ చెర చూడాలంటే టిక్కెట్టు దొరకదు.

ఇంకా వెనక్కి పోతే అసలు భద్రాద్రిలో రాముడి విగ్రహాలను పుట్టలోంచి బయటపెట్టింది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని స్థలపురాణం. ఆవిడే పైన తాటాకు పందిరి వేసి, పండో ఫలమో నైవేద్యం పెట్టిందట. దమ్మక్క పుట్ట తవ్వకపోతే గుడి లేదు. గుడి లేకపోతే చెర లేదు. చెర లేకపోతే ఆ కీర్తనలూ లేవు. కచేరీల్లో పాడే ఇంత గొప్ప సంగీతానికి మొదటి మెట్టు మన గోదావరి ఒడ్డు అడవిలో ఒక పేద ఆడమనిషి వేసిందన్నమాట. ఆ చెరసాలలో నిలబడి ఈ మాట చెబితే మా ఆడపడుచు "ఔను వదినా, మనం పాటే పాడుకున్నాంగాని ఆవిణ్ణి తలుచుకోలేదు" అంది.

ఇంకో సంగతి. చెర వేయించిన ఆ అబుల్ హసన్ తానీషాయే చివరికి ఖైదీ అయ్యాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక ఆయన్ని దౌలతాబాదు కోటలో ఉంచారు. అక్కడ సుమారు పన్నెండేళ్ళుండి కన్నుమూశాడు. కాలం లెక్కకు లెక్క సరిచేసిందనిపించింది.

కోట దిగి, దగ్గరలోనే ఉన్న కుతుబ్‌షాహీ సమాధులకు ఆటోలో వెళ్ళాం. తోటలో పెద్దపెద్ద గుమ్మటాలు. సుల్తానుల సమాధుల మధ్య మన హయాత్ బక్షీ బేగం సమాధి కూడా ఉంది. ఆవిడ 1667లో పోయింది. సుల్తానులకు ఏమాత్రం తీసిపోని పెద్ద గుమ్మటం. ఆ ఆవరణలోనే ప్రేమామతి, తారామతి అనే నర్తకీమణుల సమాధులు కూడా ఉన్నాయి. చెట్టు నీడన పులిహోర తింటూ అనుకున్నాం, రాణికి గుర్తు మిగిలింది, నాట్యగత్తెకు గుర్తు మిగిలింది, ఇల్లాలికి మాత్రం మిగల్లేదు అని.

రెండో రోజు పొద్దున మౌలాలి వెళ్ళాం. గుట్ట పాదం దగ్గర మహలకా బాయి చందా సమాధి. 1768లో పుట్టి 1824లో పోయిన ఈవిడ నిజాముల కాలంలో పేరుపడ్డ గాయని, నర్తకి, కవయిత్రి. ఉర్దూ గజళ్ళను దివానుగా, అంటే సంపుటిగా, కూర్చిన తొలి ఆడవాళ్ళలో ఒకరు. 1799లో ఒక రాతప్రతిని కెప్టెన్ మాల్కం అనే ఇంగ్లీషు అధికారికి కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పటికీ లండన్‌లో భద్రంగా ఉంది. తల్లి రాజ్‌కువర్ బాయి కోసం 1792లో ఈ సమాధి కట్టించి, చివరికి తానూ అమ్మ పక్కనే నిద్రపోయింది. శిథిలమైపోతున్న ఈ కట్టడాన్ని ఈ మధ్యనే, 2010 తరువాత, బాగుచేశారు.

నిజం చెప్పాలంటే అక్కడికి వెళ్ళడానికి మొదట నాకు మనసొప్పలేదు. దర్బారులో ఆడే మనిషి సమాధికి మనం వెళ్ళడమేమిటి అనిపించింది. అక్కడికి వెళ్ళాక ఆ మాట నాలోనే ఉండిపోయింది. తన పద్యాలు పోకుండా తానే చూసుకుంది. అమ్మ పేరు పోకుండా తానే చూసుకుంది. మా అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడ చేతి రాత ఒక్క ముక్కయినా నా దగ్గర లేదు. ఎవరు గొప్ప?

మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో దివాన్ దేవిడీలో మొదలై, 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది. అందరూ గడియారం ముందు గుమిగూడారు. గంట కొట్టే వేళకు గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతుంది. పిల్లలకన్నా పెద్దలే ఎక్కువ మురిసిపోయారు. తరువాత మేలిముసుగు రెబెకా. 1876లో బెంజోనీ అనే ఇటలీ శిల్పి చలువరాతిలో చెక్కినది. రాయిలో ముసుగు, ఆ ముసుగులోంచి కనిపించే ముఖం! చూసి తీరవలసిందే. ఆ పక్క గదుల్లో పట్టుబట్టలు, శాలువాలు, అద్దకాలు. మా ఆడపడుచు కుట్టుపని తెలిసిన మనిషి. గాజుపలకకు ముక్కు ఆనించి చూసి, "రాతిబొమ్మ చెక్కినాయన పేరుంది, ఏడాది ఉంది. ఈ కుట్టు కుట్టినవాళ్ళ పేరు ఏదీ?" అంది. నేను చదివిన చరిత్రంతా ఆ ఒక్క ప్రశ్నలో వచ్చేసింది.

సాయంత్రం రవీంద్రభారతిలో కూచిపూడి నాట్యం ఉందంటే వెళ్ళాం. టాగోరు శతజయంతి సంవత్సరం 1961లో ప్రారంభమైన హాలు అది. తానీషా కూచిపూడి వాళ్ళ ఆటను మెచ్చుకుని ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ఒకే రాజు, మన గోపన్నను చెరలో పెట్టాడు, కూచిపూడికి ఊరిచ్చాడు! ఆ నాట్యం తరతరాలుగా మగవాళ్ళే ఆడారు. సత్యభామ వేషం కూడా మగవాళ్ళదే. వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆడవేషం కడితే ఆడవాళ్ళమే సిగ్గుపడేంత వయ్యారమని మా పెద్దలు చెప్పుకునేవారు. తరువాత వెంపటి చినసత్యంగారి వంటి గురువులు ఆడపిల్లలకు నేర్పారు. ఆ సాయంత్రం వేదిక మీద పదిమందీ ఆడపిల్లలే. సత్యభామ జడ చివరికి సత్యభామ భుజం మీదకే వచ్చిందని ముచ్చటేసింది.

మూడో రోజు సుల్తాన్‌బజారు. గాజులకూ బట్టలకూ అందరం వెళ్ళే చోటే. ఆ సందడి మధ్యనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది. 1901 సెప్టెంబరు 1న పెట్టిన గ్రంథాలయం. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి చోటు కరువైన రోజుల్లో రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, కొమర్రాజు లక్ష్మణరావుగారు వంటి పెద్దలు పూనుకుని నిలబెట్టారు. మునగాల మా ఊరికి దూరమేమీ కాదు. లక్ష్మణరావుగారి ఊరు పెనుగంచిప్రోలు, మా ఖమ్మం మీదుగా పారే మున్నేటి ఒడ్డునే ఉంది.

అదే ఊళ్ళో, అదే ఇంట్లో పుట్టింది ఆయన అక్క భండారు అచ్చమాంబగారు. 1874లో పుట్టిన ఆవిడకు చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. బడికి పోలేదు. తమ్ముడు ఇంటికొచ్చి చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. కన్నబిడ్డలను పోగొట్టుకుంది. అంత దుఃఖంలోనూ కూర్చుని, మన దేశంలో పుట్టిన గొప్ప ఆడవాళ్ళ చరిత్రలను వెతికి, ఏరి, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. అది అచ్చయింది కూడా 1901లోనే. ఆడవాళ్ళు బలహీనులనీ, బుద్ధి తక్కువవాళ్ళనీ అనేవాళ్ళకు జవాబుగా ఆ పుస్తకం రాసింది. 1902లో 'ధనత్రయోదశి' కథ రాసింది. తెలుగులో తొలి కథ అదేనని చెప్పే పండితులు ఉన్నారు. ఆ ఏడే మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905లో, ముప్పై ఒక్కేళ్ళు నిండకుండానే పోయింది.

ఆలోచించండి. తమ్ముడు పట్నంలో పుస్తకాలకు ఇల్లు కడుతున్న ఏడాదే, అక్క ఆ పుస్తకాల్లో ఆడవాళ్ళకు చోటు కడుతోంది. తమ్ముడి పేరు మనకు బడిలో చెప్పారు. నేను మెట్రిక్యులేషను దాకా చదివాను. అక్క పేరు నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. పెద్దయ్యాక, పిల్లలు బడికి పోయాక, మధ్యాహ్నంపూట చదువుకుని తెలుసుకున్నాను.

ఆ గ్రంథాలయం బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నాకు మూడు రోజుల తిరుగుడూ ఒక్కచోటికి వచ్చింది. ఊరివాళ్ళం పట్నంలోని కళలను చూస్తూ "ఇదంతా మనది కాదు, గొప్పవాళ్ళది" అని వెనక నిలబడతాం. తలుపు దగ్గర చెప్పులు విడిచినంత బెరుకు. కాని పట్నంలో ఉన్న కళ ఊళ్ళనుంచి వచ్చిందే. నేలకొండపల్లి నుంచి పాట వచ్చింది, కూచిపూడి నుంచి ఆట వచ్చింది, పెనుగంచిప్రోలు నుంచి పుస్తకం వచ్చింది, భద్రాద్రి అడవినుంచి దేవుడే వచ్చాడు. వాటి వెంట ఆడవాళ్ళూ వచ్చారు. వాళ్ళ పేర్లే దారిలో జారిపోయాయి. రాజులూ మంత్రులూ తమ పేర్లు రాతిమీద చెక్కించుకున్నారు. మన పేర్లు మనం కాగితం మీదనైనా రాసిపెట్టకపోతే ఇంకెవరు రాస్తారు?

అందుకని రెండు మాటలు మనవి చేస్తాను. పట్నంలో ఉన్న సోదరీమణులు చుట్టాలు రావాలని కాచుకోకండి. నెలకు ఒక్క పూట చాలు. డబ్బాలో ఇంత అన్నం పెట్టుకుని, తోడికోడలినో, ఎదురింటావిడనో వెంటబెట్టుకుని మీ ఊరు మీరే చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. చూసిన ప్రతిచోటా మా ఆడపడుచు అడిగిన ప్రశ్న అడగండి: ఇది చేసిందెవరు, వాళ్ళ ఇంట్లో ఆడమనిషి ఎవరు అని. రెండో మాట, ఇంటికొచ్చాక మీ అత్తగారో, అమ్మో, అమ్మమ్మో పాడిన పాట, చెప్పిన కథ, వేసిన ముగ్గు ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. కింద వాళ్ళ పేరు, ఊరు, ఏడాది రాయండి. పేరు మాత్రం మరిచిపోకండి.

చివరిగా ఒక్క ముచ్చట. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టుబట్టలూ, ముత్యాల తలంబ్రాలూ వెళతాయి. ఈ ఆనవాయితీ తానీషా మొదలుపెట్టాడని అందరూ చెబుతారు. ముత్యాలు పంపిన రాజు పేరు మనకు తెలుసు. ఆ ముత్యాలతోపాటు స్వామివారి తలమీద పడే బియ్యాన్ని భక్తులు గోటితో ఒలిచి పంపుతారు. రోకలి ముట్టదు, మర ముట్టదు. గింజ విరగకూడదు. అలా ఒలిచేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మా అత్తగారు కూడా ఒక ఏడు అలా కూర్చుని ఒలిచారు. వేళ్ళు వాచిపోయినా లేవలేదు.

తిరిగివచ్చిన రోజు రాత్రి కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో ఆవిడ పేరు రాశాను. దాని కింద ఆవిడ చల్ల చేస్తూ పాడే కీర్తనల్లో నాకు గుర్తున్నవి వరసగా రాసుకుంటూ పోయాను. పదకొండు వచ్చాయి. పన్నెండోది సగం గుర్తుంది. మిగతా సగం మా ఆడపడుచుకు ఫోను చేసి అడిగాను. ఆమె చెప్పింది.